ఒలవని విత్తనం

నల్లచెలిమపల్లె,
కదిరి తాలూకా.
3 మార్చి 1991

తమ్ముడు ఖాదర్‌కు అక్క మదార్బీ దువా చేసి రాసేది.

మీ పక్క యుద్ధం ఆగిపోయిందని మొన్న రేడియోలో చెప్పారు. నువ్వు జనవరిలో పంపిన ఫోటో మాత్రం ఇప్పుడే చేరింది. ముఖానికి ఆ విషవాయువు ముసుగు తగిలించుకుని నిలబడితే, కళ్లంలో ఎద్దుకు చిక్కం కట్టినట్టుంది. మీ బావ చూసి, "ఈడు ఊర్లో ఉన్నెప్పుడు కట్టింటే అందరి చేన్లో కాయలు మిగిలుండు" అన్నాడు. అని నవ్వాడు గానీ, ఫోటోను చాలాసేపు కింద పెట్టలేదు.

నీ ఉత్తరం వస్తే మన ఊళ్లో ఏం జరుగుతుందో నీకు తెలుసు. సౌదీలో ఉన్న మనిషి ఈ పల్లెకంతా నువ్వొక్కడివే. పోస్టాయన వీధి మలుపు తిరిగేసరికి మన అరుగు మీద జనం చేరతారు. కవరు వాళ్ల ఎదుటే చించాలి. మొదటి అక్షరం నుంచి నీ సంతకం దాకా గట్టిగా చదవాలి. మధ్యలో ఒక్క మాట మింగినా గంగిరెడ్డి పెద్దాయన పట్టేస్తాడు. "ఏమ్మా, ఆడ గుటక యేసినావే, ఏముండాది?" అంటాడు. ఓబులమ్మ ఒక్కతే రాదు. మా ఇద్దరి కోడిపెట్ట తగవు మూడేళ్లయినా చల్లారలేదు. గోడ అవతల తన వాకిట్లో కూర్చుని, నా గొంతు చెవిన పడకుండా చేట చప్పుడు చేస్తూ ఉంటుంది.

ఇక అసలు సంగతి. పోయినేడు తొలి చినుక్కే తొందరపడి చెనిక్కాయ విత్తాం. మొలకలు వచ్చాక నెలరోజులు వాన మొహం చాటేసింది, అన్నీ మాడిపోయాయి. మళ్లీ విత్తాం. ఇప్పుడు ఇల్లిల్లూ ఊడ్చినా విత్తనం కాయలు ఒక్కసారికే ఉన్నాయి. అది కూడా తప్పితే ఊళ్లో ఇంకో గింజ లేదు.

సౌదీ నీళ్లు తాగి సేద్యం మరిచిపోయి ఉంటావు, అందుకని చెబుతున్నా. విత్తనం కాయగా ఉంటే ఏడాదైనా ఆగుతుంది. ఒలిచి గింజ చేశామంటే నెల దాటితే మొలక చచ్చిపోతుంది. ఊరి విత్తనమంతా ఒలవడానికి ఆడవాళ్లందరం కూర్చున్నా పది పన్నెండు రోజులు పడుతుంది. వాన పడ్డాక ఒలుద్దామంటే నాలుగు రోజులకే నేలలో పదును ఆరిపోతుంది. వాన పడకముందే ఒలిస్తే, అది రాకపోతే గింజ చెడిపోతుంది. కాబట్టి ఎప్పుడు ఒలవాలన్నదే ఈ ఏడు మా బతుకు.

కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్నాయనీ, ఆ పొగ వల్ల వానలు ఈసారి ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియదనీ కదిరి సంతలో అనుకుంటున్నారు. నువ్వు సముద్రం ఒడ్డున ఉన్నావు, నీళ్ల వేడి కొలవడమే నీ పని. ఏమంటావో రాయి. నన్ను అడగమన్నది ఊరంతా.

నీ అక్క,
మదార్బీ


రాస్ తనూరా,
2 ఏప్రిల్ 1991

అక్కకు, బావకు సలాం. అరుగు మీద కూర్చున్న పెద్దలందరికీ నా నమస్కారాలు. గోడ అవతల చేట పట్టుకున్న ఓబులమ్మత్తకు కూడా.

రోజా ఉండి రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోవద్దు. నిన్న గాలి ఉత్తరం నుంచి తిరిగింది. మధ్యాహ్నం రెండు గంటలకు బండ్లన్నీ లైట్లు వేసుకుని పోయాయి. సూర్యుడు మాసిన రాగి చెంబులా కనిపించాడు. ఆరేసిన బట్టల మీద మసి, తినే రొట్టె మీద మసి. నా గదిలో ఉండే పాకిస్తానీ ఉదయం తుమ్మితే రుమాలు నల్లబడింది.

నా పని గురించి ఊళ్లో అందరికీ తెలియాలని రాస్తున్నాను. ఇక్కడ నూనె శుద్ధి చేసే యంత్రాలు వేడెక్కకుండా సముద్రపు నీళ్లు తోడి పంపిస్తారు. ఆ నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ముందే తెలియాలి. సముద్రంలోకి వంతెనలా కట్టిన అర కిలోమీటరు జెట్టీ చివరికి నడిచి వెళ్లి, బాల్చీ దించి, నీళ్లలో థర్మామీటరు పెట్టి చూసి పుస్తకంలో రాయాలి. రోజుకు నాలుగుసార్లు. నేల మీది వేడికి ఒక గడి, సముద్రం వేడికి ఒక గడి.

మా సూపర్‌వైజరు కురియన్ సార్ కేరళ మనిషి. వానలు ఎలా వస్తాయో పోయినేడు నాకు వివరంగా చెప్పాడు. పగలు ఎండకు ఇసుక త్వరగా కాలుతుంది, నీళ్లు త్వరగా కాలవు. ఇసుక మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి దూరుతుంది. అందుకే ఇక్కడ రోజూ మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గాలి కొడుతుంది. అదే పని ఏడాదికొకసారి పెద్ద ఎత్తున జరిగితే మన వాన. మార్చి నుంచి మన దేశపు నేలంతా కాలుతుంది. దక్షిణాన ఉన్న మహాసముద్రం నిదానంగా కాలుతుంది. నేల వేడి సముద్రం వేడిని బాగా దాటిపోయినప్పుడు గాలి తిరిగి, నీళ్లు మోసుకుని మన మీదికి వస్తుంది. నేల తొందరగా కాలితే వాన తొందరగా వస్తుంది, నేల కాలడం ఆలస్యమైతే వానా ఆలస్యమే.

ఇప్పుడు నా పుస్తకం ఏం చెబుతోందో వినండి. పోయిన ఏడాది ఇవే రోజులతో పోలిస్తే సముద్రం మూడు డిగ్రీలు చల్లగా ఉంది. పొగ ఎండను అడ్డుకుంది. నిదానంగా మారే సముద్రమే ఇంత చల్లబడితే, తొందరగా మారే నేల ఇంకెంత చల్లబడి ఉండాలి? నేల కాలదు, గాలి తిరగదు. ఈ మాట కురియన్ సార్‌ను అడగలేదు. లెక్క కళ్లెదుటే ఉంటే ఇంకొకరిని అడగడం ఎందుకు?

కాబట్టి మృగశిరలో చినుకులు పడినా నమ్మొద్దు. అవి పోయినేటి లాంటి దొంగ చినుకులే. ఆరుద్ర చివరికి గానీ అసలు వాన రాదు. జూన్ ఇరవై దాటాక ఒలవడం మొదలుపెట్టండి. అంతవరకు కాయను కదిలించొద్దు.

మీ ఖాదర్


నల్లచెలిమపల్లె,
29 ఏప్రిల్ 1991

తమ్ముడికి అక్క దువా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. గంగిరెడ్డి పెద్దాయన లేచి నిలబడి, "మన ఊరి పిల్లోడు సముద్రాన్ని చెయ్యి పట్టుకోని చూస్తాండాడు, ఇంకేం గావాలప్పా" అన్నాడు. జూన్ ఇరవై దాకా ఎవరూ కాయ ఒలవకూడదని అక్కడికక్కడే అనుకున్నారు.

నేను ఏమీ అనలేదు. ఇప్పుడు నీతో అంటున్నాను.

నువ్వు చెప్పిన లెక్క నాకు అర్థమైంది. కొత్తదేమీ కాదు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. రోళ్లు పగిలేంత కాలితేనే మృగశిరలో వాన. మీ సార్ పుస్తకంలో చదివినదాన్ని మన అవ్వ పాదాలతో చదివింది, అంతే తేడా. కానీ పొగ మీ దగ్గర ఉంది, ఎండ మా దగ్గర ఉంది. భరణి కార్తెలోనే ఇక్కడ నేల పెనంలా ఉంది. నిన్న బావకు సద్ది తీసుకుపోతూ చెప్పు తెగి పదడుగులు వట్టికాళ్లతో నడిచాను, బొబ్బ లేచింది. ఇది చల్లబడిన నేలేనా?

ఇంకో సంగతి. నీకు కోపం వస్తుంది, రానీ. చిన్నప్పుడు సాయంత్రం మేకలు దొడ్డికి వచ్చాక లెక్కబెట్టి రమ్మంటే, నువ్వు లేచేవాడివి కాదు. కూర్చున్న చోటి నుంచే "ముప్పై" అనేవాడివి. రెండింటిని తోడేలు ఎత్తుకుపోయిన రోజు కూడా ముప్పై అన్నావు. అమ్మ నిన్ను నమ్మి తలుపేసింది.

అందుకని ఒక్క మాట అడుగుతున్నా. ఆ నీళ్లు నీ చేత్తో నువ్వు ముంచి చూశావా? అవునంటే అవునని రాయి, ఇంక నోరెత్తను. ఈ ఉత్తరంలో ఏం రాశానో ఊళ్లో ఎవరికీ తెలియదు. నువ్వు రాసేది మాత్రం అందరూ వింటారు, అది గుర్తుపెట్టుకుని రాయి.

నీ అక్క,
మదార్బీ


రాస్ తనూరా,
13 మే 1991

అక్కకు సలాం.

నలభై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషిని నేను. ఇంకా మేకల దగ్గరే ఉన్నావు నువ్వు. ఇక్కడ క్షిపణులు పడుతుంటే, సైరన్ మోగుతుంటే డ్యూటీ చేసినవాణ్ణి. అరబ్బు ఇంజినీర్లు కూడా నేను రాసిన అంకె చూసే పంపులు తిప్పుతారు. వాళ్లకు లేని అనుమానం నా తోడబుట్టినదానికి వచ్చింది.

అడిగావు కాబట్టి అందరూ వినేలా రాస్తున్నాను. ఆ నీళ్లు నా చేత్తోనే ముంచాను. నా కళ్లతోనే చూశాను. అమ్మ గోరీ మీద ఒట్టు.

మృగశిరలో విత్తొద్దు. ఇంతకు మించి నేను చెప్పేది లేదు.

ఖాదర్


నల్లచెలిమపల్లె,
14 జూన్ 1991

ఖాదర్‌కు.

నీ ఉత్తరం మే నెలాఖరున వచ్చింది. మేకల మాటా, అనుమానం మాటా గుటక లేకుండా దాటేసి, మిగతాది ఎప్పటిలాగే చదివాను. ఒట్టు దగ్గరికి వచ్చేసరికి అందరూ నా వైపు చూశారు. నువ్వెందుకు ఒట్టు పెట్టావో వాళ్లకు తెలియదు, నాకు తెలుసు. గోడ అవతల చేట చప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. ఆ మనిషికి సిగ్గు లేదని అనుకున్నాను.

మృగశిర ఎనిమిదో తేదీ వచ్చింది. తొమ్మిది, ఆదివారం, పొద్దు వాలే వేళకు వాన. దొంగ చినుకులు కాదు. వంకలో నీళ్లు పారాయి. మరునాడు మీ బావ చేన్లో గుంత తవ్వి చూస్తే మోచెయ్యి లోతుకు పదును ఉంది. ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా అడిగాడు, "మదారూ, భూమి పిలుస్తాండాది. కాయ తియ్యి. ఇంట్లో ఉన్నెకాడికి ఒలుద్దాం, రెండు మడకల నేలకైనా వస్తాది."

నేను తియ్యలేదు. "ఖాదరు అమ్మ మీద ఆన పెట్టినాడు" అన్నాను. ఆయన విత్తే గొర్రుకు కట్టిన తాళ్లు విప్పి అటక మీద పెట్టేశాడు.

ఈరోజుకు ఐదో రోజు. పైన మట్టి తెల్లబడింది. నువ్వు చెప్పిన ఆరుద్ర కోసం ఎదురు చూస్తున్నాం.

మదార్బీ


రాస్ తనూరా,
3 జూలై 1991

అక్కకు, బావకు సలాం.

ఉత్తరం అందింది. బక్రీద్ బాగా జరిగింది. కంపెనీ వాళ్లు అందరికీ బిర్యానీ పెట్టారు. ఇక్కడ ఎండలు పెరిగాయి, పొగ కొంచెం తగ్గింది. నాకు కొత్త ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, వచ్చింది, రెండేళ్ల దాకా దిగులు లేదు.

వాన విషయంలో కంగారు పడొద్దు. ఒక వాన ముందు పడినంత మాత్రాన లెక్క తప్పినట్టు కాదు. రెండో వాన వస్తుంది, అదే అసలుది. ఓపిక పట్టండి.

బావ ఆరోగ్యం ఎలా ఉంది? ఎద్దులు బాగున్నాయా?

ఖాదర్


నల్లచెలిమపల్లె,
20 అక్టోబర్ 1991

ఖాదర్‌కు.

మూడు నెలలు రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు.

నువ్వు చెప్పినట్టే జూన్ ఇరవై దాటాక ఒలిచాం. ఊరి ఆడవాళ్లందరం వేళ్లు పుండ్లు పడేదాకా ఒలిచాం. ఆరుద్ర పోయింది. పునర్వసులో నాలుగు తుంపరలు పడ్డాయి, మొలిచి ఉన్న చెట్టును బతికిస్తాయి గానీ విత్తడానికి చాలవు. పీర్ల పండక్కి కూడా ఎవరి ముఖంలోనూ కళ లేదు. ఆశ్లేష పోయింది. మఖలో వాన వస్తే ముక్కిపోయిన గింజనే ఏరి ఏరి విత్తాం. సగం మొలవలేదు. మొలిచినవి పూత పూశాయి, ఊడలు దించే వేళకు నేల రాయి అయింది. ఊడ నేలలోకి దిగకపోతే కాయ ఎక్కడ ఊరుతుంది? చెట్టు పీకి చూస్తే గాలిలో వేలాడే దారాలే ఉన్నాయి. వాటిని మేకలకు వేశాం.

ఊళ్లో ఒక్కరి చేన్లోనే కాయ పండింది. ఎవరిదో చెప్పనా? ఓబులమ్మది. నాతో మాటల్లేవు కాబట్టి నీ ఉత్తరం వినలేదు. వినలేదు కాబట్టి రోహిణిలో ఎప్పటిలాగే తన పాటికి తాను ఒలుచుకుంది. నువ్వు ఒట్టు పెట్టిన ఉత్తరం నేను గొంతు చించుకుని చదువుతున్నప్పుడు గోడ అవతల ఆగని ఆ చేట చప్పుడు ఏమిటనుకున్నావు? ఒలిచిన విత్తనం చెరుగుకుంటోంది ఆమె. తొమ్మిదిన వాన పడింది, పదకొండున విత్తింది. ముప్పై నాలుగు మూటలు ఇంటికి తోలుకుంది.

మీ బావ ఎద్దులను కదిరి సంతకు తోలాడు. ఎర్రది కొనుక్కున్నవాడి వెంట నడవకుండా వెనక్కి తిరిగి చూసిందట. ఆ సంగతి చెప్పి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఇప్పుడు బెంగళూరులో ఇటుకలు మోస్తున్నాడు. పోయేటప్పుడు నిన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. పదకొండు ఇళ్లకు తాళాలు పడ్డాయి. గంగిరెడ్డి పెద్దాయన నేనెదురైతే తల దించుకుని పోతాడు, తప్పు తనదైనట్టు.

అరుగు మీద ఇప్పుడు కోళ్లు పడుకుంటాయి.

నేను రెండోసారి అడగను. ఒకసారి అడిగాను, నువ్వు చెప్పావు.

మదార్బీ


రాస్ తనూరా,
15 నవంబర్ 1991

అక్కా, ఈ ఉత్తరం అరుగు మీద చదవకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

నేను ముంచలేదు.

జనవరిలో యుద్ధం మొదలైన మరునాడు జెట్టీ మీద సగం దూరం పోయాను. సైరన్ మోగింది. ముందు సముద్రం, వెనక సముద్రం, దాక్కోవడానికి స్తంభమైనా లేదు. పరుగెత్తి వచ్చి గేటు దగ్గరి రేకుల గదిలో దూరాను. పుస్తకంలో గడి ఖాళీగా ఉంచకూడదు. పోయినేటి పుస్తకం తీసి, ఆ తేదీకి ఉన్న అంకెలోంచి కొంచెం తగ్గించి రాశాను. ఎండ లేదు కాబట్టి నీళ్లు చల్లగానే ఉంటాయిలే అనుకున్నాను. మరునాడు కూడా అంతే. తర్వాత నూనె తెట్టు కొట్టుకొస్తుందని నీళ్లలో తేలే కంచె కట్టారు, ఆ పేరు చెప్పుకుని ఇంకొన్నాళ్లు. పొగ ముదిరాక ఇంకాస్త తగ్గించాను. అలా మూడు డిగ్రీలు అయింది.

యుద్ధం అయిపోయాక ఎందుకు వెళ్లలేదంటావు. అదే అసలు రోగం. నా గడులన్నీ మూడు డిగ్రీలు కిందికి దిగి ఉన్నాయి. ఒక్కరోజు నిజం రాస్తే అంకె పైకి ఎగురుతుంది, అంతకుముందువన్నీ అబద్ధమని తెలిసిపోతుంది. అందుకని నిన్నటి అబద్ధానికి సరిపోయేలా ఈరోజుది రాయాల్సి వచ్చింది. రోజుకు నాలుగుసార్లు రాస్తూ రాస్తూ నేనే నమ్మాను అక్కా. మీకు వాన సంగతి రాసేటప్పుడు అబద్ధం చెబుతున్నానని నాకు తోచలేదు. పుస్తకం తెరిచి, నేను పుట్టించిన చల్లదనాన్ని నేనే చూసి, సముద్రం చల్లబడిందని నిజంగానే అనుకున్నాను.

నువ్వు అడిగిన రోజు మాత్రం తెలుసు. ముంచావా అని అడిగావు. ఆ రోజైనా లేచి జెట్టీ చివరికి నడిచి ఉండాల్సింది. ఉత్తరం జేబులో పెట్టుకుని గేటు దాకా పోయాను కూడా. ఎండ ఎక్కువగా ఉందని వెనక్కి తిరిగాను. సాయంత్రం ఒట్టు రాశాను.

సెప్టెంబరులో తనంతట తానే వేడి చూసి కాగితం మీద గీత గీసే యంత్రం ఒకటి జెట్టీ చివర బిగించారు. నా అంకెకు, దాని గీతకు మూడు డిగ్రీల తేడా. కురియన్ సార్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. పైవాళ్లకు చెప్పలేదు. ఊరికి ఏం రాశానో అప్పుడు ఆయనకు చెప్పాను. "ఈ మడుగు నీళ్లు చూసి మీ ఊరి వాన చెప్పావా? కుండలో వేలు పెట్టి చెరువు లోతు చెప్పినట్టుంది. చూడాల్సింది మీ దేశపు నేల, దాని కింద పరుచుకున్న మహాసముద్రం. పొగ ఇక్కడిక్కడే ఉండిపోయింది" అన్నాడు. అంటే నేను నిజంగా ముంచి ఉన్నా నా లెక్క తప్పే. ఆయన అప్పటి నుంచి నాతో చాయ్ తాగడం లేదు.

చివరి బావి కూడా ఆర్పేశారని మొన్న చెప్పారు. ఆకాశం శుభ్రంగా ఉంది. నాకు తలెత్తి చూడబుద్ధి కావడం లేదు. బావకు ఏం చెప్పాలో నువ్వే చూడు. ఊరికి మాత్రం చెప్పకు. నేను మళ్లీ ఆ ఊళ్లో అడుగుపెట్టాలి కదా.

ఖాదర్


నల్లచెలిమపల్లె,
10 డిసెంబర్ 1991

ఖాదర్‌కు.

చదివాను. అరుగు మీదే.

అరుగు మీద కోళ్లు పడుకుంటున్నాయని రాశాను కదా. పోస్టాయన బరువైన కవరు తెచ్చాడని తెలిసి మళ్లీ వచ్చారు, మిగిలిన ఇళ్లవాళ్లంతా. నువ్వు ఏమంటావో వినాలని వచ్చారు. వాళ్ల ఎదుటే చించాను. మొదటి వాక్యం చూసి ఆగిపోయాను. గంగిరెడ్డి పెద్దాయన కళ్లు సరిగా కనిపించకపోయినా చెవులు బాగున్నాయి. "ఆడ గుటక యేసినావే మ్మా" అన్నాడు. పంట పోయాక ఆయన నాతో అన్న మొదటి మాట అది. అప్పుడు ఆ వాక్యమే ముందు చదివాను. అరుగు మీద చదవొద్దని రాశాడు అని చెప్పి, మిగిలినదంతా చదివాను. కాళ్లు పట్టుకుంటానన్నది కూడా వదల్లేదు.

ఎవరూ తిట్టలేదు. నీ ఉత్తరం అయిపోయాక నాది మొదలుపెట్టాను, నోటితోనే. భరణిలోనే నేల ఎలా కాలిందో నా పాదాలకు తెలుసునని చెప్పాను. నీ మేకల సంగతి చెప్పాను. అనుమానపడి నీకు ఉత్తరం రాసిన దాన్ని, ఆ అనుమానం వీళ్లలో ఒక్కరికీ చెప్పలేదని చెప్పాను. ఎందుకు చెప్పలేదంటే, సౌదీ తమ్ముడి మాట కోసం ఊరంతా నా అరుగు ముందు నిలబడితే నాకు బాగుండేది. పెద్దపెద్ద రెడ్లు నా నోటి వైపు చూసేవాళ్లు. దూదేకులామెకు ఈ ఊళ్లో ఆ గౌరవం ఇంకెప్పుడు దొరుకుతుంది? వాన పడిన మరునాడు మీ బావ అడిగితే నేనాపింది నీ ఒట్టు కోసం కాదు, నా గొప్ప కోసం. ఆయనకు ఈ సంగతి బెంగళూరు పోయి చెప్పి వచ్చాను. విని, "సరేలే, ఇటుకలు మోసేకి రెండో మనిషి గావాల, నువ్వూ వచ్చెయ్" అన్నాడు. ప్రేమగా పిలిచినట్టే ఉంది గానీ నా ముఖం చూసి మాట్లాడలేదు.

నేను చెప్పడం అయ్యాక గోడ అవతల నుంచి ఓబులమ్మ వచ్చింది. మూడేళ్లకు మన వాకిట్లో అడుగుపెట్టింది. అందరూ వినేలా ఒకటే మాట అన్నది. "విత్తనం కాయలు నా కాడ ఉండాయి, తలా ఇంత ఇస్తా. గానీ ఈ అరుగు మీద ఇంక జాబు చదవగూడదు." అందరూ సరేనన్నారు. నేను కూడా సరేనన్నాను.

కాబట్టి ఇకమీదట నీ ఉత్తరాలు నేనొక్కదాన్నే విప్పుకుంటాను. ఎన్నాళ్లనుంచో అనుకునేదాన్ని, ఒక్కసారైనా తమ్ముడి ఉత్తరం నేనొక్కదాన్నే చదువుకోవాలని. ఇలా తీరింది.

నిన్ను క్షమించానని రాయలేను. ఒకటి అడుగుతున్నా, చెయ్యి. వచ్చే మృగశిర వచ్చిన రోజున ఆ జెట్టీ చివరికి నడిచి వెళ్లు. యంత్రం ఉంది కదా అనొద్దు. బాల్చీ దించి, నీ చేత్తో ముంచి, ఆ అంకె రాసి పంపు. మాకు దానితో పని లేదు. అది చేరేసరికి వాన వచ్చి ఉంటే విత్తి ఉంటాం, రాకపోతే లేదు. అయినా పంపు.

మదార్బీ


రాస్ తనూరా,
8 జూన్ 1992

అక్కా,

ఈ ఉదయం ఆరు గంటలకు నడిచాను. అర కిలోమీటరే. ఏడాదిన్నరలో మొదటిసారి. చివర యంత్రం టిక్కుటిక్కుమంటూ గీత గీస్తోంది, దాని వైపు చూడలేదు. బాల్చీ దించాను. తాడు పాతదై చేతులు గీసుకుపోయాయి. నీళ్లు పైకి లాగి, థర్మామీటరు పెట్టి, నిమిషాలు లెక్కబెట్టుకుని చూశాను.

చూసి, నమ్మబుద్ధి కాక ఆ నీళ్లు పారబోసి మళ్లీ ముంచాను. మళ్లీ అదే. మూడోసారి ముంచాను.

ఇది రాసేముందు గదిలో చాలాసేపు కూర్చున్నాను. ఇరవై తొమ్మిదిన్నర అని రాస్తే నువ్వు నమ్ముతావు. ముప్పై ఒకటి అని రాసినా నమ్ముతావు. ఆ మధ్య అంకె రాస్తే మాత్రం నీకు మేకల దొడ్డే గుర్తొస్తుంది. ఏది రాస్తే నమ్ముతావో నాకు తెలుసు, అలాంటి అంకెలు రాయడంలో నా చెయ్యి తిరిగింది.

ముప్పై ఉంది అక్కా.

ఖాదర్